మంచుకొండకు ఉన్న బులెటిన్ మన డెల్టాకు ఎందుకు లేదు?

2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను ఇంకా సముద్రం మీద ఉండగానే, అది నెల్లూరు, మచిలీపట్నం మధ్య తీరం దాటుతుందని భారత వాతావరణ శాఖ హెచ్చరించింది. డిసెంబరు 5 మధ్యాహ్నం అది బాపట్ల దగ్గర తీరం దాటింది. అంచనా తప్పలేదు, హెచ్చరిక ఆలస్యం కాలేదు. రేడియో, టీవీ, ఫోను ఉన్న ప్రతి ఇంటికీ ఆ కబురు చేరింది. అయినా కృష్ణా డెల్టాలో పనల మీద ఉన్న వరి నానింది, రోడ్ల పక్కన ఆరబోసిన ధాన్యం తడిసింది, కోయని చేలు నేలకు ఒరిగాయి. అంచనా నిజమైంది, పంట మాత్రం దక్కలేదు. ఈ రెండూ ఒకే వారంలో ఎలా జరిగాయన్నది మనం గట్టిగా అడగాల్సిన ప్రశ్న. ప్రకృతి ముందు మనిషి ఎంతటివాడని కొందరు సరిపెట్టుకుంటారు. నష్టపరిహారం ఎంత వస్తుందన్న దగ్గరికి మరికొందరు మాట మళ్లిస్తారు. నాకు కనిపించే కారణం వేరు. సముద్రం మీద తుపాను ఎక్కడుందో గంట గంటకూ చెప్పగలుగుతున్నాం. అది వచ్చి పడబోయే చేను ఇవాళ ఏ స్థితిలో ఉందో ఊరివారీగా, రోజువారీగా చెప్పేవాళ్లు లేరు. ఆకాశం కబురు ఒక్కటే అందితే రైతుకు అందింది సగం సమాచారమే. మిగతా సగం నేల చెప్పాలి.

గుడ్లవల్లేరు మండలాన్నే తీసుకుందాం. డిసెంబరు మొదట్లో ఇక్కడి సార్వా వరి అంతా ఒకే దశలో ఉండదు. ఒకరి చేను పండి కోతకు నిలబడి ఉంటుంది. పక్కవారిది కోసి పనల మీద ఎండుతుంటుంది. ఇంకొకరు కుప్ప వేసుకుని నూర్పిడికి చూస్తుంటారు. మిషన్‌తో కోయించిన వారి ధాన్యం పచ్చిగా రోడ్డు మార్జిన్లో పరిచి ఉంటుంది. వీళ్ల నలుగురికీ అందే హెచ్చరిక ఒక్కటే: రెండు రోజుల్లో భారీ వర్షాలు. చేయాల్సిన పని మాత్రం నాలుగు రకాలు. నిలబడి ఉన్న చేనును హడావుడిగా కోయిస్తే అది పనల మీద నానుతుంది. పడిపోకుండా నిలిచిన కంకి మీద వాన పడితే ఎండకు మళ్లీ ఆరుతుంది. తడి నేల మీద పడి ఉన్న పన లోపలి గింజ మాత్రం మొలకెత్తుతుంది. ఎండిన పనలు ఉన్నవాళ్లు ఆ రాత్రికి రాత్రే కుప్ప వేసుకోవాలి. పచ్చి పనలను అలాగే కుప్ప పెడితే లోపల వేడెక్కి గింజ రంగు మారుతుంది. పైరులో మినుము చల్లాలనుకున్నవారు ఆగాలి, ఎందుకంటే నీళ్లు నిలిచిన మడిలో మినుము విత్తనం కుళ్లిపోతుంది. ఒకే వాన ఇన్ని రకాల నిర్ణయాలు అడుగుతున్నప్పుడు, జిల్లా మొత్తానికి ఒకే వాక్యం చెప్పి ఊరుకోవడం వల్ల ప్రయోజనం తక్కువ.

ఈ లోటును వేరే చోట ఎలా పూడ్చుకున్నారో చూడాలంటే మనకు ఏమాత్రం పోలిక లేని చోటికి, మంచుకొండల మీది స్కీయింగ్ కేంద్రాలకు వెళ్లాలి. కశ్మీర్‌లోని గుల్మార్గ్‌ను మన దేశంలో ఈ ఆటకు పెద్ద కేంద్రంగా చెబుతారు. ఊరు సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంటే, గొండోలా రెండో దశ ఎక్కించే అఫర్వత్ వాలు దాదాపు 4,000 మీటర్ల ఎత్తున ఉంటుంది. కింద వాన పడుతుంటే పైన మంచు కురవవచ్చు. కింద గడ్డి కనబడుతున్నప్పుడు పైన మనిషిని పూడ్చేసేంత మంచు ఉండవచ్చు. అందుకే ఇలాంటి చోట్ల ‘రేపు మంచు కురుస్తుంది’ అన్న అంచనాతో ఎవరూ సరిపెట్టుకోరు. రాత్రి కొత్తగా ఎంత పడింది, పాత మంచు మందం ఎంత, కింద ఎంత, పైన ఎంత, గాలి ఏ వాలు మీదకు మంచును తోసింది, ఏ దారులు తెరిచారు, ఏవి మూశారు అని రోజూ పొద్దున్నే చెబుతారు. అంచనా ఒక పక్క, ఉన్న స్థితి ఒక పక్క, రెండూ కలిపి ఒకే కాగితం మీద పెడతారు. మన దేశంలో హిమాలయాల మంచు చరియల హెచ్చరికలను డీఆర్‌డీఓకు చెందిన డీజీఆర్‌ఈ ఇస్తుంది. ఈ సమాచారం ప్రాణాలతో ముడిపడిందని 2024 ఫిబ్రవరి 22న గుల్మార్గ్ మరోసారి చూసింది. ఆ రోజు మంచు చరియ విరిగిపడి ఒక రష్యా స్కీయర్ చనిపోయాడు. అదే ఏడాది జనవరిలో ఆ వాలులు మంచు లేక బోసిపోయాయి. 2025 ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు తగినంత మంచు లేక మార్చికి వాయిదా పడ్డాయి. వాతావరణం పాత లెక్కలకు లొంగనప్పుడు ఏ రోజు స్థితిని ఆ రోజు చూసి చెప్పడం తప్ప వేరే దారి లేదు.

స్విట్జర్లాండ్ ఈ పనిని ఇంకా పద్ధతిగా చేస్తుంది. దావోస్‌లోని మంచు పరిశోధన సంస్థ చలికాలంలో ప్రతి సాయంత్రం అయిదు గంటలకు మంచు చరియల బులెటిన్ విడుదల చేసి, మర్నాడు ఉదయం ఎనిమిదికి దాన్ని సరిచూసి మళ్లీ ఇస్తుంది. ప్రమాదాన్ని అయిదు స్థాయిలుగా చెబుతుంది. 1993 నుంచి ఐరోపా దేశాల మంచు చరియల హెచ్చరిక సంస్థలు ఆ అయిదు స్థాయిల కొలతనే వాడుతున్నాయి. ఏ ఎత్తుకు పైన ప్రమాదం, ఉత్తరం వైపు వాలులోనా దక్షిణం వైపు వాలులోనా, కొత్త మంచు వల్లా లేక అడుగున బలహీనంగా ఉన్న పాత పొర వల్లా అన్నది కూడా అందులో ఉంటుంది. అంత ధనిక దేశం, కొండల మీద అన్ని యంత్రాలు పెట్టుకున్న దేశం, ఇప్పటికీ శిక్షణ పొందిన దాదాపు 200 మంది పరిశీలకుల మీద ఆధారపడుతోంది. పార పట్టుకుని మంచులో నిలువుగా గొయ్యి తీస్తారు. గోడలా తేలిన పొరలను ఒక్కొక్కటిగా చేత్తో నొక్కి చూస్తారు. పిడికిలి దిగితే మెత్తటి పొర, నాలుగు వేళ్లు దిగితే కొంచెం గట్టి, ఒక్క వేలే దిగితే ఇంకా గట్టి, పెన్సిల్ మాత్రమే దిగితే మరీ గట్టి, చాకు తప్ప ఏదీ దిగకపోతే రాయి లాంటిది. ఉపగ్రహం చెప్పలేనిది ఆ పిడికిలి చెబుతుంది. మన మడిలోనూ అలాంటి పరీక్షలున్నాయి. గట్టు దిగి నాలుగడుగులు వేస్తే మడమ ఎంత దిగిందో చూసి, టైర్ల మిషన్ దిగుతుందా చైన్ మిషన్ కావాలా అన్నది అనుభవమున్న రైతు ఇట్టే చెబుతాడు. గింజను పంటి కింద పెట్టి తేమ ఎంతుందో అంచనా వేస్తాడు. ఆ జ్ఞానం ఊరూరా ఉంది. దాన్ని రోజూ ఒకచోట చేర్చి రాసే ఏర్పాటే లేదు.

కొండల్లో ఎత్తుపల్లాలుంటాయి గనుక అక్కడ చోటుకో మాట చెప్పాలి, డెల్టా బల్లపరుపు నేల, ఇక్కడ అంత వివరం ఎందుకని ఎవరైనా అనవచ్చు. నిజానికి నేల చదునుగా ఉన్నచోటే అడుగు తేడా బతుకును మారుస్తుంది. కొల్లేరు అభయారణ్యం హద్దును అయిదడుగుల కాంటూరుతో గీశారంటే, ఇక్కడ అడుగుల్లోనే ఊళ్ల తలరాతలు ఉన్నాయన్నమాట. గుడ్లవల్లేరు, పెడన, బంటుమిల్లి వైపు పడిన వాన నీరు డ్రెయిన్లలో పడి కొల్లేరుకో, ఉప్పుటేరుకో, నేరుగా సముద్రానికో చేరాలి. దివిసీమలో నాగాయలంక, కోడూరు శివారు భూములకు ఎగువ నుంచి వచ్చే మురుగు కూడా తోడవుతుంది. సముద్రం పోటు మీదున్నప్పుడు డ్రెయిన్ మొగ దగ్గర నీరు బయటకు పోదు, ఒక్కోసారి వెనక్కే తంతుంది. తుపాను గాలి సముద్రాన్ని ఒడ్డుకు తోస్తుంటే పోటు మరింత పెరుగుతుంది. డ్రెయిన్లో గుర్రపుడెక్క పేరుకుని ఉంటే వాన వెలిసినా చేలో నీరు రోజుల తరబడి కదలదు. ఎనిమిది సెంటీమీటర్ల వాన ఒక ఊళ్లో సాయంత్రానికి ఇంకిపోతే, కూతవేటు దూరంలోని ఇంకో ఊళ్లో వారం రోజులు చేలో నిలుస్తుంది. వాన ఎంత పడుతుందన్నది వాతావరణ శాఖ చెబుతుంది. ఎంతసేపు నిలుస్తుందన్నది డ్రెయిన్, పోటు, గట్టు కలిసి తేలుస్తాయి. పంటను ముంచేది ఈ రెండోదే.

అసలు తుపాను కేంద్రం ఎక్కడ తీరం దాటిందన్నదాన్ని పట్టుకుని మన చేనుకు ఎంత నష్టమో లెక్కగట్టడమే పొరపాటు. 2020 నవంబరులో నివర్ తుపాను ఎక్కడో పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. అక్కడి నుంచి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న కృష్ణా జిల్లాలో వరి నీట మునిగింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. దానికి ముందు వచ్చిన అంచనాలో మచిలీపట్నం నుంచి కళింగపట్నం దాకా, అంటే కోస్తాలో పెద్ద భాగాన్ని, హద్దుగా చెప్పారు. అక్టోబరు ఆఖర్లో మన చేలు చాలావరకు ఈనిక మీదో, పాలు పోసుకునే దశలోనో ఉంటాయి. అప్పుడు కోయడానికేమీ ఉండదు. చేయగలిగిందల్లా మడిలో నీరు తీసేసి, గట్లు తెంపి, డ్రెయిన్ దారి తెరిచి ఉంచడం. అదే గాలి, అదే వాన డిసెంబరులో వస్తే పనులన్నీ కోత, కుప్ప, బరకాల చుట్టూ తిరుగుతాయి. తుపానుకు పేరు పెడుతున్నాం, వేగం కొలుస్తున్నాం, రంగు కోడ్ ఇస్తున్నాం. ఆ రంగు ఆకాశానిది. చేనుకు కూడా ఒక రంగు ఉండాలి.

నేను కోరుతున్న బులెటిన్ పెద్ద గ్రంథమేమీ కాదు. అక్టోబరు నడిమి నుంచి జనవరి నడిమి దాకా, సార్వా గండం గడిచే ఆ మూడు నెలలు, ప్రతి ఉదయం ఏడు గంటలకు ఊరి రైతు సేవా కేంద్రం గోడ మీదా, ఊరి వాట్సాప్ గ్రూపులోనూ ఒక పేజీ కనిపించాలి. పై సగంలో నేల స్థితి: నిన్న ఉదయం నుంచి ఇవాళ ఉదయం దాకా మండలంలో కురిసిన వాన, మడిలో తడి ఏపాటిది, ఊరి వరిలో ఎన్ని ఎకరాలు నిలబడి ఉన్నాయి, ఎన్ని పనల మీద ఉన్నాయి, ఎన్ని కుప్పలయ్యాయి, ఎంత ధాన్యం ఆరుబయట ఉంది, డ్రెయిన్లో నీటిమట్టం ఎంత, మొగ దగ్గర పోటు వేళ ఏది, ఊళ్లో ఎన్ని మిషన్లు, ఎన్ని బరకాలు, ఎన్ని గోనె సంచులు ఉన్నాయి. కింది సగంలో వచ్చే అయిదు రోజుల అంచనా: ఏ రోజు ఎంత వాన, అది నిజమయ్యే అవకాశం ఎంత. చివర ఈ రెండు సగాలనూ కలిపి నాలుగు వాక్యాల సలహా: పనల మీద ఉన్నవారు ఏం చేయాలి, నిలబడి ఉన్నవారు ఏం చేయాలి, ధాన్యం ఉన్నవారు ఏం చేయాలి, మినుము చల్లబోయేవారు ఏం చేయాలి. తడిసిన పనల మీద లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లితే మొలక ఆగుతుందన్న సలహా శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ఇస్తున్నారు. అది తుపాను వెళ్లిన మూడో రోజు పేపర్లో చదివితే లాభం లేదు. ఏ ఊళ్లో ఎన్ని ఎకరాల పనలు తడిశాయో ఆ పూటే తెలిస్తే, అది అందాల్సిన చోటికి వెళ్లి పనికొస్తుంది.

ఇవన్నీ ఇప్పటికే ఉన్నాయి కదా అన్నది మొదటి అభ్యంతరం. ఉన్నమాట కొంత నిజమే. మచిలీపట్నంలో డాప్లర్ రాడార్ ఉంది. రైతుల కోసం మేఘదూత్ యాప్ 2019లో వచ్చింది. 2024 అక్టోబరు 24న గ్రామ పంచాయతీ స్థాయి అంచనాలను కేంద్రం ప్రారంభించింది. 2025 మేలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ ఆరు కిలోమీటర్ల గడులుగా దేశాన్ని చూస్తోంది. ఇవన్నీ గొప్ప పనులే, నేను తక్కువ చేయడం లేదు. అయితే ఇవన్నీ పైనుంచి కిందికి చూసేవి. గడి ఎంత చిన్నదైనా అందులోని చేను కోశారో లేదో దానికి తెలియదు. పైనుంచి వచ్చే అంచనాను స్థానిక పంటకు తగ్గట్టు విడమరిచి చెప్పేందుకని కృషి విజ్ఞాన కేంద్రాల్లో పెట్టిన జిల్లా వ్యవసాయ వాతావరణ యూనిట్లు దేశంలో 199 ఉండేవి. 2024 మార్చితో వాటిని మూసేశారు. అంచనాలు చిన్న గడులకు దిగుతున్న కాలంలోనే వాటిని నేలకు దించే మనుషులను తీసేయడం నాకు ఏ కోణంలో చూసినా సరైన నిర్ణయంగా కనబడదు. సలహా తయారుచేయడం యంత్రం చేయగలదని అప్పుడు వాదన వినిపించింది. యంత్రానికి ఇవ్వాల్సిన నేల సమాచారం ఎవరు తెస్తారన్న ప్రశ్నకు ఆ వాదనలో జవాబు లేదు.

అంచనా తప్పితే ఎవరు బాధ్యులన్నది రెండో అభ్యంతరం. 2013 నవంబరు 22న హెలెన్ తుపాను మచిలీపట్నం దగ్గరే తీరం దాటి పంటను దెబ్బతీసింది. వారం తిరగకుండానే లెహర్ వస్తోందన్నారు. అతి తీవ్ర తుపానుగా ఉన్న లెహర్ సముద్రం మీదే నీరసించి, నవంబరు 28న వాయుగుండంగా మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. ఇలాంటి అనుభవం తర్వాత జనం తదుపరి హెచ్చరికను తేలిగ్గా తీసుకుంటారన్న భయంలో అర్థం ఉంది. దానికి మందు అంచనాను దాచుకోవడం కాదు, దానిలోని సందేహాన్ని కూడా చెప్పడం. 24 గంటల ముందు ఇచ్చే తుపాను మార్గం అంచనాలో సగటు తేడా ఇప్పుడు వంద కిలోమీటర్ల లోపుకు వచ్చింది. అది శాస్త్రానికి విజయమే. కానీ వంద కిలోమీటర్లంటే మన దగ్గర జిల్లాలు దాటే దూరం. ‘పదింట ఏడుసార్లు ఇలాంటి పరిస్థితిలో వాన పడుతుంది’ అని చెబితే రైతుకు అర్థం కాదనుకోవడం రైతును చిన్నచూపు చూడటమే. కాలువ నీరు వస్తుందో రాదో, కూలీలు దొరుకుతారో లేదో, మిల్లు తీసుకుంటుందో లేదో తెలియకుండానే ప్రతి ఏడాదీ నారు పోసే మనిషికి అవకాశాల లెక్క కొత్త కాదు. అంచనా తప్పినా నేల స్థితి చెప్పిన పై సగం తప్పదు, ఎందుకంటే అది చూసి రాసింది. ఆ సగం మీద నమ్మకం నిలిస్తే కింది సగంలోని తప్పును జనం మన్నిస్తారు.

అయితే చూసి రాసేది కూడా నిజమే రాస్తారా? ఇక్కడ మంచుకొండల అనుభవం ఒక హెచ్చరికను కూడా ఇస్తోంది. అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ ఆర్థికవేత్తలు జొనాథన్ జిన్మన్, ఎరిక్ జిట్జెవిట్జ్ స్కీ రిసార్టులు ప్రకటించుకున్న మంచు లెక్కలను పరిశీలించి, 2016లో పరిశోధన పత్రం ప్రచురించారు. వారాంతాల్లో రిసార్టులు కొత్త మంచును బాగా ఎక్కువ చేసి చెబుతున్నాయని తేలింది. ఆకాశం శని, ఆదివారాలు చూసి కురవదు. ఆ రోజుల్లో జనం ఎక్కువగా వస్తారు గనుక లెక్క పెరుగుతోంది. అంతకన్నా ముఖ్యమైనది ఆ పత్రంలోని రెండో సంగతి. వాలుల మీద ఉన్న స్కీయర్లే తాము చూసిన మంచు ఎంతో ఫోన్ యాప్‌లో అప్పటికప్పుడు రాసే వీలు రాగానే రిసార్టుల అతిశయం బాగా తగ్గిపోయింది. మన దగ్గర కారణం వేరుగా ఉండవచ్చు. పరిహారం భారం తగ్గాలని నష్టాన్ని తగ్గించి రాసేవారు ఉండొచ్చు, పరిహారం రావాలని పెంచి చెప్పేవారూ ఉండొచ్చు. అందుకే ఊరి బులెటిన్ రాసే పని ఒక్క ఉద్యోగి చేతిలో పెట్టకూడదు. ఆయన రాసినదాని పక్కనే రైతులు, కౌలు రైతులు తమ చేను ఫొటోతో సహా చేర్చే వీలుండాలి. రెండూ అందరికీ కనబడాలి. సీజను ముగిశాక ఏ రోజు ఏం రాశారో తీసి చూసుకునేలా భద్రపరచాలి. తుపాను వెళ్లాక నష్టం అంచనా వేసే బృందాలకు కూడా అంతకు ముందురోజు దాకా చేను ఎలా ఉందన్న రికార్డు దొరుకుతుంది. ఇప్పుడు ఆ రికార్డు లేకనే సగం తగవులు.

తెలిసి మాత్రం ఏం చేయగలం అన్నది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. తుపాను కబురు రాగానే కోత మిషన్ల అద్దె పెరుగుతుంది, అడిగినా దొరకవు. కల్లాలు పోయి ఆరబోతకు తారు రోడ్డే దిక్కయింది. బరకాలు చాలవు. మిషన్ కోసిన పచ్చి ధాన్యంలో తేమ 17 శాతానికి దిగితే తప్ప కొనుగోలు కేంద్రం మద్దతు ధర ఇవ్వదు. 2025-26కు సాధారణ రకం క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే 75 కిలోల బస్తాకు సుమారు 1,777 రూపాయలు. తేమ సాకుతో, రంగు మారిందన్న సాకుతో అందులో కోత పడేది ఎక్కువగా కౌలు రైతుకే. పంట తడిసినా ఎండినా ఆయన మక్తా బస్తాలు కొలవాల్సిందే. ఇదంతా నిజం. కానీ ఇది బులెటిన్ వద్దనడానికి కారణం కాదు, దాన్ని మరింత గట్టిగా అడగడానికి కారణం. పనల మీద ఎన్ని ఎకరాలున్నాయో తెలియని జిల్లా యంత్రాంగం ఎన్ని బరకాలు ఏ ఊరికి పంపాలో ఎలా తేలుస్తుంది? ఒక మండలంలో కోతలు అయిపోయి మిషన్లు ఖాళీగా ఉన్నాయని, ఇంకో మండలంలో వాటికోసం ఎదురుచూస్తున్నారని ఎవరికి తెలుస్తుంది? మంచు బులెటిన్ స్కీయర్లకు మాత్రమే చెప్పదు. దారి మూయాలా, గొండోలా ఆపాలా అన్న నిర్ణయానికి యాజమాన్యాన్నీ కట్టిపడేస్తుంది. మన బులెటిన్ కూడా అలాగే ప్రభుత్వాన్ని కట్టిపడేయాలి. ఒక ఊరి స్థితి ఫలానా స్థాయికి చేరితే తేమ నిబంధన సడలింపు, గోనె సంచులు, డ్రయ్యర్లు, తడిసిన ధాన్యం కొనుగోలు ఎవరూ అడగక్కర్లేకుండా అమల్లోకి రావాలని ముందే రాసి పెట్టాలి. తుపాను వెళ్లాక వినతిపత్రాలు పట్టుకుని తిరిగే అవస్థ అప్పుడు తగ్గుతుంది.

ఇప్పటికే పని భారంతో ఉన్న గ్రామ వ్యవసాయ సహాయకుల మీద ఇంకో పనా అని ఉద్యోగులు అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో ఈ-క్రాప్‌లో వాళ్లు నమోదు చేస్తూనే ఉన్నారు. దానికి కోత దశ అన్న ఒక్క గడి కలిపితే చాలు. కాలువల మీద లస్కర్లకు నీటిమట్టం చూడటం రోజువారీ పనే. డ్రెయిన్ల దగ్గర కూడా అలాంటి కొలబద్దలు పాతి చూసి రాయించవచ్చు. పోటు వేళలు ముందే లెక్కగట్టి ఉంటాయి. స్వయంచాలక వాతావరణ కేంద్రాల వాన లెక్క కంప్యూటర్‌కు చేరుతూనే ఉంది. విడివిడిగా నాలుగు శాఖల దగ్గర పడి ఉన్న అంకెలను ఉదయం ఏడింటికి ఒక పేజీ మీదకు తేవడమే అసలు పని. అందుకు మూడు నెలల పాటు మండలానికి ఇద్దరు అదనపు మనుషులను పెట్టుకోవచ్చు. వ్యవసాయం చదివిన కుర్రాళ్లు, అమ్మాయిలు ఈ జిల్లాలో తక్కువేమీ లేరు. ఆ మూడు నెలల జీతం తడిసి మొలకెత్తిన ధాన్యం విలువ ముందు లెక్కలోకి వచ్చేది కాదు.

ఒక్క విషయంలో మాత్రం ఈ వివరాల కోసం ఆగకూడదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు పది వేల మంది చనిపోయారు. అలాంటి ఉప్పెన ముప్పు ఉందన్నప్పుడు చేను ఏ దశలో ఉంది, వాన ఎంత శాతం అని చూస్తూ కూర్చోకూడదు. మనుషులను, పశువులను తరలించాలి, అంతే. ఆ పాఠం మనం బాగానే నేర్చుకున్నాం. తుపాను షెల్టర్లు కట్టాం, ముందస్తు తరలింపు అలవాటు చేసుకున్నాం. అందువల్లే ఇప్పటి తుపానుల్లో ప్రాణనష్టం వందలకు, వేలకు పోవడం లేదు. ప్రాణాలు కాపాడుకోవడంలో సాధించిన ఆ క్రమశిక్షణే ఇప్పుడు పంటకూ కావాలి. ప్రాణం దక్కింది గదా, పంట పోతే పోయిందనే మాట పరామర్శకు వచ్చినవారు అనవచ్చు, అప్పు తీర్చాల్సిన ఇంట్లో అది నిలవదు.

కాబట్టి అడగాల్సింది స్పష్టంగానే అడుగుదాం. వచ్చే సార్వా కోతల నాటికి గుడ్లవల్లేరు, పెడన, బంటుమిల్లి, గూడూరు మండలాల్లోనూ, దివిసీమలో నాగాయలంక, కోడూరుల్లోనూ ఈ ఊరి బులెటిన్‌ను ప్రయోగంగా మొదలుపెట్టాలి. వ్యవసాయ శాఖ, జలవనరుల శాఖ, వాతావరణ శాఖ, ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం కలిసి దీన్ని నడపాలి. మూసేసిన వ్యవసాయ వాతావరణ యూనిట్లను తిరిగి తెరవాలని రాష్ట్రం కేంద్రాన్ని కోరాలి. జనవరి ముగిశాక ప్రతి అంచనాను, ప్రతి నేల స్థితిని, ఇచ్చిన ప్రతి సలహాను ఆ సీజను ఫలితంతో సరిపోల్చి, ఎక్కడ తప్పారో ఎక్కడ పనికొచ్చారో ఊళ్ల పేర్లతో సహా బయట పెట్టాలి. బులెటిన్ వచ్చిన ఊళ్లకూ రాని ఊళ్లకూ నష్టంలో తేడా కనబడితే జిల్లా అంతటికీ, ఆపై గోదావరి డెల్టాకూ విస్తరించాలి. కనబడకపోతే కారణం వెతికి సరిచేయాలి. బంగాళాఖాతంలో తుపానులు లేవడం ఆగదు, మన కోతల కాలమూ మారదు. ఆ రెండూ ప్రతి ఏడాదీ ఎదురుపడే ఆ మూడు నెలల్లో ప్రతి ఉదయం రైతు చేతికి ఒక నమ్మదగిన పేజీ అందించడం ప్రభుత్వం చేయగలిగిన పని. వచ్చే సీజనుకే చేయాల్సిన పని.